నమిలేందుకో ముక్క... నాటేందుకో ముచ్చె!

పొడుగాటి ఇంగ్లీషు మాటను విరిచే తీరు

గోవాడ (చోడవరం): చెరకు గడను ఎక్కడ నరకాలో గోవాడ చుట్టుపట్ల పల్లెల్లో ఎవరికీ నేర్పనక్కర లేదు. పిల్లాడు నమలడానికి అడిగితే నోటికి పట్టేంత ముక్కలుగా కొడతారు. కణుపు గట్టిగా ఉంటుంది కనుక దాన్ని చెక్కి పారేస్తారు. అదే గడను విత్తనానికి కొట్టేటప్పుడు కత్తి పట్టే తీరే వేరు. కణుపు దగ్గరున్న కన్ను దెబ్బ తినకూడదు. కణుపుకూ కణుపుకూ నడుమ చోటు చూసి, మూడు కళ్ల ముచ్చెలుగా కొడతారు. గడ ఒకటే, కత్తీ ఒకటే. నమిలేవాడికి కణుపు అడ్డం, నాటేవాడికి కణుపే ప్రాణం.

ఇంత తెలిసిన ఇళ్లలోని పిల్లలే పొడుగాటి ఇంగ్లీషు మాట ఎదురయ్యేసరికి గడను గడగానే మింగబోతున్నారు. మొదటి రెండు అక్షరాలు చూసి ఊహించడం, మధ్యలో గుటక వేయడం, చివరి తోక పట్టుకుని ఏదో ఒకటి అనేయడం. పదో తరగతి దాకా వచ్చినా ఇదే వరస. స్పెల్లింగు బట్టీ పట్టినవాడు పరీక్షలో రాసేస్తాడు గాని పైకి చదవమంటే ఆగిపోతాడు. పైకి చదివినవాడు అర్థం చెప్పమంటే నేలచూపులు చూస్తాడు. తప్పు పిల్లలది కాదు. మాటను రెండు విధాల విరవవచ్చునని, ఆ రెండు విరుపులూ తెలుగు క్లాసులో తమకు ముందే వచ్చునని వాళ్లకు చెప్పేవారు తక్కువ.

రెండు ఓల నడుమ గట్టు

గోవాడ పేరు నాలుగు జిల్లాల్లో వినిపించిందంటే అది చక్కెర ఫ్యాక్టరీ వల్లనే. దాని పూర్తి పేరు చోడవరం కోఆపరేటివ్ షుగర్స్ లిమిటెడ్. అప్పటి విశాఖపట్నం జిల్లాలో మొదలైన ఈ పేరు 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక అనకాపల్లి జిల్లా లెక్కలోకి వచ్చింది. జిల్లా మారినా పేరులోని రెండో మాట దగ్గర కుర్రాళ్ల తడబాటు మారలేదు.

ఇంగ్లీషులో ఆ మాటకు పదకొండు అక్షరాలు. మొదట సి, దాని వెనుకనే పక్కపక్కన రెండు ఓలు. రెండు ఓలు కలిస్తే 'ఊ' అని చిన్న తరగతుల్లోనే నేర్పారు. మూన్, స్పూన్, స్కూల్ అన్నీ అలాంటివే. ఆ లెక్కన కొత్తగా చదివే కుర్రాడు 'కూపరేటివ్' అంటే నవ్వకూడదు. నేర్పిన సూత్రాన్నే అతడు పాటించాడు. ఇక్కడ ఆ సూత్రం చెల్లకపోవడానికి కారణం ఒక్కటే. ఆ రెండు ఓల నడుమ గట్టు ఉంది. మొదటి ఓ ఒక పొలానిది, రెండోది పక్క పొలానిది. 'కో' అంటే కలిసి. 'ఆపరేట్' అంటే పని చేయడం. చివరనున్న 'ఇవ్' తోక. పాత పుస్తకాల్లో ఈ గట్టును కంటికి కనిపించేలా వేసేవారు. 'కో' తరువాత చిన్న అడ్డగీత పెట్టేవారు. కొందరు రెండో ఓ నెత్తిన రెండు చుక్కలు పెట్టేవారు. ఇప్పుడు చాలా చోట్ల గీతా పోయింది, చుక్కలూ పోయాయి. గట్టు మాత్రం అక్కడే ఉంది.

దీనికి తెలుగులో ఎప్పటి నుంచో వాడుతున్న మాట 'సహకార'. సహ అంటే కలిసి, కార అంటే చేయడం. కో–ఆపరేటివ్, సహ–కార. రెంటినీ ఒకదాని కింద ఒకటి రాసి చూస్తే కణుపుకు కణుపు సరిపోతుంది. సహకార సంఘంలో సభ్యుడైన రైతు తన సంతకం కింద ఉన్న ఇంగ్లీషు మాట అర్థాన్ని ఎప్పుడో నేర్చేశాడన్నమాట. చెప్పినవారు లేకపోయారు.

ఇది అర్థం చూసి విరిచిన విరుపు. నోటి విరుపు వేరు. కో–ఆ–ప–ర–టివ్. అయిదు దెబ్బలు. పని అన్న అర్థమున్న ముక్క ఇందులో మూడు తునకలైంది. నోటికి దానితో పని లేదు. నోరు అర్థాన్ని లెక్కచేయదు, ఊపిరిని లెక్కచేస్తుంది.

సంధి ఒకటి, గణం ఒకటి

తెలుగు మాస్టారు 'రామాలయం' విడదీయమంటే తొమ్మిదో తరగతి పిల్లాడు రామ + ఆలయం అంటాడు. సవర్ణదీర్ఘ సంధి అని పేరు కూడా చెబుతాడు. అదే మాటకు గురులఘువులు గుర్తించమంటే రా, మా, ల, యం అని నాలుగు చేసి గురువు, గురువు, లఘువు, గురువు అని గీతలు పెడతాడు. ఈ రెండో విరుపులో 'మా' అన్న అక్షరం సగం రాముడిది, సగం ఆలయానిది. అయినా ఎవడూ తికమకపడడు. ఒకటి అర్థానికి, రెండోది గొంతుకు అని వాడికి తెలుసు. గంట కొట్టగానే తెలుగు మాస్టారు వెళ్లిపోయి ఇంగ్లీషు మాస్టారు వస్తారు. ఆ తెలివి కూడా తెలుగు మాస్టారి వెంటే వెళ్లిపోతుంది. అదీ వచ్చిన చిక్కు.

నిజానికి తెలుగు చదివినవాడికి ఇక్కడ ఒక లాభం ఉంది. తెలుగులో ఒక అక్షరం అంటే ఇంచుమించు నోటి దెబ్బ ఒకటి. 'స్త్రీ' అన్న దాంట్లో మూడు హల్లులు, ఒక అచ్చు ఉన్నా ఒకే ముద్దగా రాస్తాం, ఒకే దెబ్బలో పలుకుతాం. ఇంగ్లీషువాడు అలా ముద్దకట్టడు. అక్షరాలను దండలో పూసల్లా వరుసగా గుచ్చుతాడు. ఎక్కడ ఒక దెబ్బ ముగిసిందో చదివేవాడే చూసుకోవాలి. అందుకే ఇంగ్లీషు మాట పొడుగు చూసి భయపడకూడదు, పొట్టి చూసి మురిసిపోకూడదు. 'స్ట్రెంగ్త్స్' అన్న మాటకు తొమ్మిది అక్షరాలు, కాని నోటికి ఒక్కటే దెబ్బ. 'ఐడియా'కు నాలుగే అక్షరాలు, దెబ్బలు మూడు. లెక్క హల్లులది కాదు, అచ్చు పలుకుది. గడ్డం కింద అరచెయ్యి పెట్టుకుని మాట పలికితే దవడ ఎన్నిసార్లు కిందికి దిగితే అన్ని దెబ్బలని దాదాపు లెక్క. దీనికి ట్యూషను ఫీజు కూడా అక్కర లేదు.

గురులఘువులు వచ్చినవాడికి ఇంకో మేలుంది. రాయడాన్ని ఇంగ్లీషులో 'రైటింగ్' అంటారు, రాసినదాన్ని 'రిటన్' అంటారు. మొదటిదానికి ఒక టీ, రెండోదానికి జంట టీలు. ఒక్క టీ ఉన్నప్పుడు అది తరువాతి దెబ్బలోకి పోతుంది. ముందున్న దెబ్బ తెరిచిన తలుపులా ఉండి 'ఐ' నిండుగా పలుకుతుంది. జంట టీలు ఉంటే నడుమన కోత పడుతుంది. ముందున్న దెబ్బకు హల్లు గడియ పడి, 'ఐ' కాస్తా 'ఇ' అవుతుంది. జంట హల్లు తన ముందున్న అక్షరం మీద పని చేస్తుందని మన ఛందస్సు కూడా చెప్పేదే. అక్కడ గురువు అవుతుంది, ఇక్కడ అచ్చు పొట్టిదవుతుంది. ఇంగ్లీషులో ప్రతి మాటా ఈ సూత్రానికి లొంగదు. కాని లొంగే మాటలే ఎక్కువ.

'మన' ధర ఎక్కడుంది?

చెరకు రైతుకు అన్నిటికన్నా దగ్గరి పొడుగు మాట ధరలోనే ఉంది. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు కింద కేంద్రం కనీస ధర ప్రకటిస్తూ వచ్చింది. దాని పేరు 'స్టాట్యూటరీ మినిమం ప్రైస్'. 2009లో ఆ ఉత్తర్వును సవరించి పేరును 'ఫెయిర్ అండ్ రెమ్యూనరేటివ్ ప్రైస్' అని మార్చారు. ఊళ్లో అందరూ ఎఫ్‌ఆర్‌పీ అనే అంటారు. 2025–26 సీజనుకు కేంద్రం నిర్ణయించిన ఎఫ్‌ఆర్‌పీ 10.25 శాతం రికవరీ ఉన్న చెరకుకు క్వింటాలుకు 355 రూపాయలు.

ఈ మూడు పొడి అక్షరాల్లో నడిమిదాన్ని విప్పి పలకమంటే డిగ్రీ చదివినవాళ్లు కూడా తడబడతారు. చాలామంది 'రెన్యుమరేటివ్' అంటారు. ఇంగ్లీషు తల్లిభాష అయినవాళ్లు కూడా ఈ తప్పు చేస్తారు కనుక సిగ్గుపడనక్కర లేదు. డబ్బు సంగతి వచ్చేసరికి మనసు నంబరు మీదికి పోతుంది. లెక్క కాబట్టి 'న్యూమర్' ఉండి ఉంటుందని నోరు ముందే నిర్ణయించుకుంటుంది. మాటలో ఉన్నది అది కాదు. లాటిన్‌లో 'మ్యూనస్' అంటే కానుక, ఇచ్చేది. 'రె' అంటే తిరిగి. చేసిన కష్టానికి తిరిగి ఇచ్చేది అని అర్థం. నోటి విరుపు రి–మ్యూ–న–ర–టివ్. ముందు మ, వెనుక న. 'మన' ధర అని గుర్తు పెట్టుకున్నవాడికి ఇక తప్పు పోదు. ఆ ధర ఆ మాటకు తగినట్టు ఉందా లేదా అన్నది ఎరువుల ఖర్చు, కోత కూలి, బండి కిరాయి లెక్కవేసుకున్నవాడు చెప్పాలి.

పక్కనున్న 'రికవరీ' చూడడానికి సులువైన మాట. దాంట్లోనే ఎక్కువ మోసం ఉంది. మిల్లు లెక్కలో రికవరీ అంటే వంద కిలోల చెరకు ఆడితే ఎన్ని కిలోల చక్కెర వచ్చిందన్నది. 10.25 అంటే పది కిలోల పావు. బ్యాంకు వారి కాగితంలో అదే మాటకు బాకీ వసూలు అని అర్థం. మొదటి రికవరీ పెరిగితే రైతుకు మేలు. రెండో రికవరీ గుమ్మం ఎక్కితే గుండెల్లో రాయి పడుతుంది.

మాటను విరిచేటప్పుడు కూడా ఇది ముంచుతుంది. 'రీ' అంటే తిరిగి, 'కవర్' అంటే కప్పడం, కనుక తిరిగి కప్పడమని తేల్చుకుంటే పప్పులో కాలేసినట్టే. దీని మూలం వేరే. పోయినదాన్ని మళ్లీ చేజిక్కించుకోవడమన్న పాత లాటిన్ మాట అరిగి అరిగి ఈ రూపానికి వచ్చింది. మళ్లీ కప్పడం అన్న మాట కూడా ఇంగ్లీషులో ఉంది. దాన్ని అడ్డగీత పెట్టి రాస్తారు. నడుమన చిన్న గీత ఉన్నదా లేదా అన్నంతలో అర్థం మారిపోయింది. ముక్క కనిపించింది కదా అని ప్రతి చోటా కత్తి వేయకూడదు.

మిల్లు నేర్పిన మాటలు

చక్కెర మిల్లు ఉన్న ఊళ్లకు ఒక విశేషం ఉంటుంది. బడి మొహం చూడని పెద్దవాళ్ల నోట కూడా ఎవాపరేటర్, సెంట్రిఫ్యూగల్, క్రిస్టలైజర్ వంటి మాటలు దొర్లుతాయి. పక్కనున్నవాడు అంటే విని అన్నవే తప్ప పుస్తకంలో చూసినవి కావు. చెవితో పట్టినవాడికి నోటి విరుపు దానంతటదే వస్తుంది. అర్థం చేతి కిందనే తిరుగుతూ ఉంటుంది.

ఎవాపరేటర్ అన్నది రసంలోని నీటిని ఆవిరిగా తరిమి చిక్కబరిచే పాత్ర. 'ఇ' అంటే బయటికి, 'వేపర్' అంటే ఆవిరి, 'ఏటర్' అంటే చేసేది. ఆ మాట పలికేటప్పుడు ఇ–వ్యా–ప–రే–టర్ అని ఆవిరి నట్టనడిమికి తెగుతుంది. అర్థం వెతికేవాడు నోటి విరుపును నమ్ముకుంటే ఆవిరి దొరకదు. సెంట్రిఫ్యూగల్ అన్నది గిర్రున తిరిగి మడ్డిని జల్లెడ బయటికి విసిరి, పలుకును లోపల నిలిపే యంత్రం. 'సెంటర్' అందరికీ తెలిసిందే. 'ఫ్యూగ్' అంటే పారిపోవడం. ఊరు విడిచి పారిపోయి వచ్చిన రెఫ్యూజీలో ఉన్నదీ అదే. నడిమధ్య నుంచి పారిపోయేది కనుక సెంట్రిఫ్యూగల్. క్రిస్టల్ అంటే గ్రీకుల కాలంలో మంచుగడ్డ. మొలాసిస్ పోర్చుగీసు వారి నుంచి వచ్చింది. దాని మూలంలో ఉన్నది తేనె.

ఇక షుగర్ సంగతి వింటే నవ్వొస్తుంది. మన శర్కరే పారశీక దేశం, అరబ్బు దేశాలు తిరిగి, యూరపు చేరి, అక్కడ వేషం మార్చుకుని షుగర్‌గా తిరిగొచ్చింది. అనకాపల్లి బెల్లాన్ని ఇంగ్లీషులో 'జాగరీ' అంటారు. అది కూడా పోర్చుగీసు వర్తకులు మలబారు తీరాన విన్న 'చక్కర' మాటే. పిల్లలు చప్పరించే క్యాండీ మన ఖండం. ఖండమంటే ముక్క అని వేరే చెప్పనక్కర లేదు.

డబ్బా మీద రాసిందేమిటి?

ఇంతవరకు సరదా. పురుగుమందుల కొట్టు దగ్గర సరదా ఉండదు. ఒకే అరలో ఒకే రకం డబ్బాలు వరసగా ఉంటాయి. మీద ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు. తండ్రి తెచ్చిన డబ్బాను బడికెళ్లే పిల్ల చేతిలో పెట్టి 'ఏటి రాసుందమ్మా' అని అడిగే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ పిల్ల తోక మాత్రమే చదివితే అన్నీ ఒకటే. ఇన్సెక్టిసైడ్, ఫంగిసైడ్, హెర్బిసైడ్. మూడింటికీ చివర 'సైడ్'.

'సైడ్' అంటే చంపేది. పోలీసు భాషలో నరహత్యను హోమిసైడ్ అంటారు. అందులో ఉన్నదీ ఇదే. కనుక తోక చెప్పేది చంపుతానని మాత్రమే. ఎవరిని చంపుతుందో తల చెబుతుంది. 'ఇన్సెక్ట్' అయితే పురుగు. 'ఫంగస్' అయితే బూజు, తెగులు. 'హెర్బ్' అయితే మొక్క, గడ్డి. పీక పురుగుకు కొట్టవలసిన మందుకు బదులు గడ్డిమందు చేతికొస్తే పురుగు బతుకుతుంది, పైరు పోతుంది. ఎలుకల మందు మీద 'రోడెంటిసైడ్' అని ఉంటుంది. కొరికే జంతువును చంపేదని. ఈ నాలుగు మాటల తలలు వేరు చేసి చదవడం వచ్చిన పిల్ల ఆ ఇంటికి ఎంత అండో ఆలోచించుకోవచ్చు.

ఇన్సెక్ట్ అన్న మాట కూడా కోత నుంచే పుట్టింది. 'సెక్ట్' అంటే కోసినది. పురుగు ఒళ్లు గాట్లు పెట్టినట్టు కణుపులు కణుపులుగా ఉంటుంది కనుక ఆ పేరు పెట్టారు.

డబ్బా మీద క్లోరిపైరిఫాస్ 20 ఈసీ అని ఉంటుంది. ఇరవై అంటే నూటికి ఇరవై పాళ్లు అసలు మందు. ఈసీ అన్న పొడి అక్షరాలను రైతులందరూ అంటారు, విప్పినవారు అరుదు. 'ఎమల్సిఫయబుల్ కాన్‌సన్‌ట్రేట్' అని దాని పూర్తి పేరు. మొదటి మాటలో 'మల్స్' అన్న ముక్క లాటిన్‌లో పాలు పితకడం నుంచి వచ్చింది. ఆ మందును నీళ్లలో పోయగానే బిందెలో ఏం కనిపిస్తుందో రైతుకు తెలుసు. తెల్లగా పాలలా విరుస్తుంది. పేరు పెట్టినవాడు చూసింది, రైతు రోజూ చూస్తున్నది ఒకటే. రెండో మాటలో 'కాన్' అంటే కలిపి, 'సెంటర్' అంటే నడుమ. ఒక్కచోటికి చేర్చి చిక్కబరిచినది. అంటే నీళ్లు కలపకుండా వాడకూడనిది.

చెరకులో వెడల్పాకు కలుపుకు వాడే 2,4-డి అసలు పేరు ఒక గడ పొడుగు ఉంటుంది. డైక్లోరోఫినాక్సీఅసిటిక్ యాసిడ్. చూడగానే డబ్బా అవతల పెట్టబుద్ధి అవుతుంది. విరిస్తే డై–క్లోరో–ఫినాక్సీ–అసిటిక్. డై అంటే రెండు. మన 'ద్వి'కి అది అన్నదమ్ముల బిడ్డ. ట్రై అంటే త్రి, పెంటా అంటే పంచ. క్లోరో అంటే క్లోరిన్. అసిటిక్ అంటే పుల్లనిది, వెనిగర్ జాతి. నడిమి ముక్క కెమిస్ట్రీ చదివినవారికి వదిలేసినా, మిగతా మూడూ ఎనిమిదో తరగతికి అందేవే. ఈ మందు చెరకును ఏమీ అనదు గాని గాలికి పక్క పొలంలోని కూరపాదుల మీద పడితే వాటిని మెలితిప్పేస్తుంది. హెర్బిసైడ్ అన్న తలను చదివినవాడు గాలి వాటం చూసుకుంటాడు.

1971 నాటి నిబంధనల ప్రకారం డబ్బా మీద రంగుల త్రికోణం కూడా ఉంటుంది. ఎరుపు అన్నిటికన్నా విషం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. చదువు రానివారికి అది ఆసరా. ఆకుపచ్చను చూసి తాగే నీళ్లలాంటిదని అనుకోకూడదు. తక్కువ విషమని మాత్రమే దాని భావం. చివరన చిన్న అక్షరాల్లో 'యాంటిడోట్' అని ఒక మాట ఉంటుంది. 'యాంటి' అంటే ఎదురు, 'డోట్' అంటే ఇచ్చినది. విషానికి ఎదురు ఇచ్చేది, విరుగుడు. కంగారులో ఆసుపత్రికి పరుగెత్తేటప్పుడు డబ్బాను కూడా పట్టుకెళ్లాలనేది అందుకే. డాక్టరు మొదట వెతికేది డబ్బా మీది మందు పేరును, ఆ మాట పక్కనున్న పంక్తిని.

కలకటేరు నుంచి ఫొటాగ్రఫీ దాకా

మన నోటికి ఇంగ్లీషు ఎందుకు ఎదురు తిరుగుతుంది? తెలుగు మాట అచ్చుతో ముగియడానికి ఇష్టపడుతుంది. హల్లుల గుంపు వస్తే నడుమ అచ్చు దూర్చి గుంపును చెదరగొడుతుంది. బస్ బస్సయింది, స్కూల్ ఇస్కూలయింది, కలెక్టర్ కలకటేరయ్యాడు. పాతతరం చేసిన ఈ పని తప్పేమీ కాదు. వచ్చిన మాటను ఇంటి మాట చేసుకున్నారు. పరీక్షలో, ఇంటర్వ్యూలో మాత్రం అది చెల్లదు.

ఇంకో తేడా ఊనిక. తెలుగులో దీర్ఘాలు, హ్రస్వాలు ఉన్నాయి గాని ఒక అక్షరం మీద బరువంతా వేసి మిగతావాటిని నలిపేయడం లేదు. ఇంగ్లీషు అలా చేస్తుంది. 'ఫోటోగ్రాఫ్' అన్నప్పుడు బరువు మొదటి దెబ్బ మీద. 'ఫొటాగ్రఫీ' అనగానే రెండోదాని మీదికి జరిగింది. 'ఫోటోగ్రాఫిక్' అంటే మూడోదాని మీదికి. తోక మారితే బరువు మారుతుంది. 'షన్' అని ముగిసే మాటల్లో బరువు దానికి ముందున్న దెబ్బ మీదనే పడుతుంది. క్రిస్టలైజేషన్‌లో 'జే', కోఆపరేషన్‌లో 'రే'. ఇంత నికరమైన సూత్రం ఇంగ్లీషులో ఇంకోటి దొరకడం కష్టం. నిఘంటువులో మాట పక్కన కనిపించే చిన్న నిలువు గీత ఆ బరువుకు గుర్తు. కొన్ని నిఘంటువుల్లో మాట నడుమ చుక్కలు పెట్టి విరుపులు కూడా చూపిస్తారు. వాటిని అచ్చుతప్పులనుకునే పిల్లలున్నారు.

నూరేళ్ల కిందటే ఈ జిల్లా బిడ్డ ఒకరు బట్టీ ఇంగ్లీషు మీద నవ్వించారు. గురజాడ అప్పారావు 1862లో పుట్టింది ఎస్.రాయవరంలో. ఆయన కన్యాశుల్కంలో గిరీశం, వెంకటేశం ఇంగ్లీషు మాట్లాడుకుంటున్నట్టు నటిస్తూ పాఠాల్లోని ముక్కలను పొంతన లేకుండా వల్లిస్తే ఆ తల్లి మురిసిపోతుంది. ఆ మురిపెం ఇంకా తగ్గలేదు.

ఇంగ్లీషువాళ్లకే ఈ విరుపు మీద ఏకాభిప్రాయం లేదన్నది చాలామందికి తెలియదు. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ అనే బడిపంతులు 1783లో స్పెల్లింగు పుస్తకం వేశారు. మాటలను పలుకుబడి ప్రకారం ముక్కలు చేసి చూపించారు. నూరేళ్లకు పైగా పిల్లలు దానితోనే చదువుకున్నారు. పంక్తి చివర మాట విరిచే అచ్చుపనిలో అమెరికావారు ఆ దారినే పోయారు. ఇంగ్లండువారు మాట పుట్టుకను చూశారు. 'నాలెడ్జ్' అన్న మాటను ఇంగ్లండు అచ్చువారు 'తెలుసు' అనే అర్థమున్న తొలి ముక్క చెడకుండా విరిస్తే, అమెరికావారు నోటికి తగ్గట్టు ఎల్ అక్షరాన్ని కూడా ముందు ముక్కకే ఇచ్చారు. ఒకరిది నమిలే కోత, ఒకరిది నాటే కోత. రెండు దేశాలు పంచుకున్న పనిని గోవాడ పిల్లాడు ఒక్కడే చేయాలి.

2020–21 నుంచి మన రాష్ట్రంలో ప్రభుత్వ బడులకు ఒక పక్క తెలుగు, ఎదురు పక్క ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఈ పనికి అంతకన్నా మంచి సాధనం లేదు. సైన్సు పాఠంలో 'ఫోటోసింథసిస్' వస్తుంది. ఫోటో అంటే వెలుగు, సిన్ అంటే కలిపి, థసిస్ అంటే ఉంచడం. ఎదురు పేజీలో కిరణజన్య సంయోగక్రియ. కిరణం అక్కడ వెలుగు, సంయోగం అక్కడ సిన్. దెబ్బలు లెక్కిస్తే ఇంగ్లీషుకు అయిదు, తెలుగుకు పది. ఇంగ్లీషు మాటలే పొడుగన్న ఫిర్యాదు ఈ ఒక్క చోట నిలబడదు! రెండు పేజీల్లోనూ మాటకు కణుపులు గుర్తించమని రోజుకు అయిదు నిమిషాలు కేటాయిస్తే చాలు. ఏడాదికి ఎన్ని మాటలవుతాయో లెక్కల మాస్టారు చెబుతారు.

నలభై అయిదు అక్షరాల గొప్ప

పదో తరగతి కుర్రాళ్లలో ఒక పోటీ నడుస్తూ ఉంటుంది. నలభై అయిదు అక్షరాల ఇంగ్లీషు మాటను ఊపిరి తీయకుండా అనడం. నిమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవాల్కనోకోనియోసిస్. దీన్ని 1935లో అమెరికాలో పజిళ్లు కట్టే సంఘంవారు పొడుగు కోసమే పుట్టించారు. నిమోనో ఊపిరితిత్తులు, అల్ట్రా మైక్రోస్కోపిక్ అతి సన్నని, సిలికో ఇసుక జాతి, వాల్కనో అగ్నిపర్వతం, కోనియోసిస్ దుమ్ము జబ్బు. విరిచిన తరువాత అందులో భయపడడానికి ఏమీ మిగలదు.

ఈ మాటను గడగడ అప్పజెప్పేవాడికి కూడా తన ఊరి పక్కనున్న పది అక్షరాల మాట తెలియకపోవచ్చు. 'బగాసోసిస్'. 'బగాస్' అంటే చెరకు పిప్పి. 'ఓసిస్' అంటే జబ్బు స్థితి. ముక్కి బూజుపట్టిన పాత పిప్పి దుమ్మును పీల్చినవారి ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు అది. అప్పుడే ఆడిన పచ్చి పిప్పితో రాదు. కుప్పపోసి నిలవ ఉంచిన దానితో వస్తుంది. పని చేసిన కొన్ని గంటలకు జ్వరం, దగ్గు, ఆయాసం కనిపిస్తాయి. మామూలు జ్వరమనుకుని వదిలేస్తారు. పాత కుప్ప కదిలించే ముందు నీళ్లు చల్లుకోవాలి, ముక్కుకూ నోటికీ అడ్డం కట్టుకోవాలి. జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్తే పిప్పి కుప్పలో పని చేసిన సంగతి ముందుగా చెప్పాలి.